ఖాళీ మూల

విమానాశ్రయం నుంచి ఆ విద్యార్థులను తెచ్చిన మినీ బస్సు అమీర్‌పేటలో మా సందు మలుపు తిరగలేకపోయింది. ఆషాఢ మాసం, పొద్దుటి నుంచి వాన. డ్రైవరు మెట్రో స్తంభం పక్కన బండి ఆపి అద్దం దించాడు.

"అన్నా, గీ సందుల బండి పోదు. ఈడనే దింపుత. సామాన్లు జర మీరే చూస్కోండ్రి."

అలా వాళ్ళు పరాయి దేశంలో మొదటి అడుగు నీళ్ళలో పెట్టారు. పదహారు మంది. అందరికీ ఒకే ఆకుపచ్చ టీషర్టు, వీపు మీద ఇంగ్లీషులో సేవ గురించి ఒక వాక్యం. వాళ్ళ కాలేజీలోని ప్రార్థన బృందం ఏటా సెలవుల్లో ఏదో ఒక దేశానికి వెళ్ళి పేదపిల్లలకు చదువు చెప్పి వస్తుందట. ఆ ఏడు మా ఊరు వంతు వచ్చింది. పది రోజులు ఉంటారు. బస మా సందులోని ఒక హాస్టల్లో, పని బల్కంపేటలో, నేను ప్రతి ఆదివారం పిల్లలకు లెక్కలు చెప్పే హాల్లో.

నేను తెలిసిన జిరాక్సు షాపులో నాలుగు గొడుగులు అడిగి పట్టుకెళ్ళాను. పదహారు మందికి నాలుగు గొడుగులు చాలవని తెలుసు. కానీ పెట్టెలకైనా పనికొస్తాయనుకున్నాను. వాళ్ళు గొడుగులు తీసుకోలేదు. వానలో నిలబడి నవ్వుతూ తలలెత్తి బోర్డులు చూస్తున్నారు. మా సందులో ఆకాశం కనిపించే చోట కూడా ఒక బోర్డు ఉంటుంది. ఒక అంతస్తులో కంప్యూటర్ కోర్సు, దాని మీద బ్యాంకు పరీక్షల కోచింగు, దాని మీద ఆడపిల్లల హాస్టలు, మళ్ళీ దాని మీద ఇంకో కంప్యూటర్ కోర్సు. వాళ్ళలో పొడుగ్గా ఉన్న ఒక కుర్రవాడు ఏదో అడిగాడు.

"ఇదంతా ఒకటే యూనివర్సిటీయా అంటుండు సార్," అంది మా అమ్మాయి.

మా అమ్మాయి అంటే నా కూతురు కాదు. నా పాత విద్యార్థిని. ఆ బృందాన్ని తీసుకొచ్చిన సేవాసంస్థలో కార్యక్రమాలన్నీ ఆమే చూస్తుంది.

"ఉద్యోగాలు రానివాళ్ళ యూనివర్సిటీ అని చెప్పమ్మా," అన్నాను.

ఆమె ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పింది. అందరూ గౌరవంగా తలలూపి మళ్ళీ పైకి చూశారు.

"ఏం చెప్పావు?"

"అవునని చెప్పిన సార్. వానల నిలబడి గదంతా ఎవరు చెప్తరు!"

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత నన్ను వాళ్ళకు పరిచయం చేసింది. నా ఇంగ్లీషు ప్రశ్నపత్రాల ఇంగ్లీషు. రైలు వేగం, నీళ్ళతొట్టి నిండే కాలం బాగా అర్థమవుతాయి, మనుషుల మాటలు సగం జారిపోతాయి. 'అంకుల్' అన్న మాట వినపడింది, 'హాలు', 'హెల్పర్' అన్న మాటలు వినపడ్డాయి. 'టీచర్' అన్నది వినపడలేదు. వాన చప్పుడులో పోయిందేమో అనుకున్నాను.

మర్నాడు పొద్దున టిఫిన్ సెంటర్లో ఇడ్లీ ప్లేట్లు ముందు పెట్టగానే వాళ్ళంతా చేతులు చేతులు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. హోటలాయన చట్నీ గరిటె గాల్లో పెట్టి నిలబడిపోయాడు.

"ఏమైందన్నా, ఇడ్లీ మంచిగ లేదా?" అని నా చెవిలో అడిగాడు.

"దేవుడికి చెప్పుకుంటున్నారు."

"నా ఇడ్లీ గురించా?" అన్నాడాయన కంగారుగా.

వాళ్ళ మీద నాకు ఆనాడూ కోపం లేదు, ఈనాడూ లేదు. ముందే చెబుతున్నాను.

నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. కోస్తా నుంచి ఈ ఊరు వచ్చి అమీర్‌పేటలో ఒక జిరాక్సు షాపులో చేరాను. కోచింగు సెంటర్లవాళ్ళు ప్రశ్నపత్రాలు కట్టలు కట్టలుగా తెచ్చేవారు. మిషన్లోంచి వెచ్చగా బయటికి వచ్చే కాగితాన్ని చదవడం నా చదువు. మొదట్లో చదివి వదిలేసేవాణ్ణి. తర్వాత తర్వాత, రెండో కాపీ బయటికొచ్చేలోగా జవాబు చెప్పుకోగలనా అని నాతో నేనే పందెం వేసుకునేవాణ్ణి. అలా పోగా పోగా షాపుకొచ్చే కుర్రవాళ్ళు నన్నే అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు మూడో అంతస్తులో అద్దెగది, రెండు బ్యాచులు, బ్యాంకు పరీక్షల లెక్కలు. అది నా తిండి.

ఆదివారం బల్కంపేట క్లాసు తిండి కోసం కాదు. ఎల్లమ్మ గుడి వెనక సందుల్లో ఆటోవాళ్ళ పిల్లలు, పూలమ్మేవాళ్ళ పిల్లలు, ఇళ్ళలో పనిచేసే వాళ్ళ పిల్లలు ఇరవై నలుగురు వస్తారు. వాళ్ళకు నేను నేర్పింది చేతివేళ్ళ మీద ఎక్కాలు. చిటికెన వేలి అడుగు కణుపు ఒకటి. వేలికి మూడు కణుపుల చొప్పున నాలుగు వేళ్ళకు పన్నెండు. బొటనవేలు కణుపు నుంచి కణుపుకు ఎక్కుతూ పోవాలి. ఎనిమిదో ఎక్కమైతే అడుగు కణుపు మీద ఎనిమిది, దాని పైన పదహారు. ఏడో కణుపు అంటే నడిమి వేలి అడుగున. ఏ ఎక్కమైనా సరే, 'ఏడు' అనగానే బొటనవేలు అక్కడికి పోయి కూర్చోవాలి. మా అమ్మమ్మ తిథులు లెక్కపెట్టుకునే పద్ధతి అది. నేను దాన్ని ఎక్కాలకు తిప్పాను, అంతే. పుస్తకం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. చెయ్యి ఎక్కడికి పోతే లెక్క అక్కడికి వస్తుంది.

ఆ పద్ధతి నేర్చుకున్న మొదటి పిల్లే మా అమ్మాయి. వాళ్ళమ్మ గుడి ముందు పూలూ వేపమండలూ అమ్మేది. ఈ పిల్ల జిరాక్సు షాపు కౌంటరు ముందు స్టూలెక్కి కూర్చునేది. ఒకరోజు డిగ్రీ కుర్రవాళ్ళు ఆరుగురు ఉండగా నేనొక చిక్కుప్రశ్న వేశాను. వంద ప్రశ్నల పరీక్ష, ప్రశ్నకు నాలుగు జవాబులు. ఒకడు కళ్ళు మూసుకుని తోచినచోటల్లా గుర్తు పెట్టాడు, పాతిక మార్కులొచ్చాయి. ఇంకొకడికి సున్నా వచ్చింది. ఇద్దరిలో లెక్కలొచ్చినవాడు ఎవడు?

డిగ్రీవాళ్ళు నవ్వారు. స్టూలు మీది పిల్ల నవ్వలేదు.

"సున్నా వచ్చినోడు సార్. అన్నీ తెలిస్తెనే గద అన్నీ తప్పు పెట్టొచ్చు."

అప్పుడు దానికి పదకొండేళ్ళు. ఆ రోజు నేను షాపు మూసేదాకా ఎవరు కనిపిస్తే వాళ్ళకు ఆ సంగతి చెప్పాను. తర్వాత డిగ్రీ చేసింది, పంజాగుట్టలో సేవాసంస్థ ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకుంది. మొదటి జీతం రోజున మూడంతస్తులు ఎక్కి వచ్చి, బ్యాచు ముందే నా కాళ్ళకు దండం పెట్టింది. నాకు పిల్లలు లేరు. నా లెక్క నా తర్వాత ఎక్కడ ఉంటుందని ఎవరైనా అడిగితే వేలు పెట్టి చూపించడానికి నాకున్నది ఆమె ఒక్కతే.

అందుకే హాలు పోయే పరిస్థితి వచ్చినప్పుడు నేను వెళ్ళింది ఆమె దగ్గరికే. కాలనీవాళ్ళు ఆదివారాలు హాలును ఫంక్షన్లకు ఇచ్చుకుంటామన్నారు. వాళ్ళ తప్పు లేదు, ఊరికే ఎన్నాళ్ళిస్తారు? హాలు పోతే క్లాసు పోతుంది. నా గది దాకా ఆ పిల్లలు రావాలంటే మెయిన్ రోడ్డు దాటాలి. చిన్నవాళ్ళను ఇళ్ళవాళ్ళు పంపరు.

"ఏం ఫికర్ చెయ్యకుండ్రి సార్," అంది. "బయటి దేశం స్టూడెంట్స్ వస్తున్నరు. వాళ్ళ ప్రోగ్రాం మన క్లాసులనే పెడత. మంచిగ అయితే ఏడాది పొడుగున హాలు మా సంస్థే కిరాయికి తీసుకుంటది. మీరు మాత్రం మొదటి రోజు రాకుండ్రి. రెస్ట్ తీసుకోండ్రి."

"నేనెందుకు రాకూడదమ్మా?"

"మీరుంటే పిల్లలు మీ మొఖమే చూస్తరు సార్. వాళ్ళు కొత్తోళ్ళు, ఫీలయితరు."

సబబుగానే ఉందనిపించింది. కానీ మొదటి రోజు గదిలో కూర్చోలేకపోయాను. నా పిల్లలు సముద్రాల అవతలి నుంచి వచ్చినవాళ్ళ ముందు ఎక్కాలు చెబుతుంటే చూడకపోతే ఇన్నేళ్ళు నేర్పింది దేనికి? గొడుగు వేసుకుని బల్కంపేట వెళ్ళాను. బోనాల రోజులు కావడంతో గుడి చుట్టూ జనం, పోలీసుల అడ్డుకర్రలు. సందుల్లోంచి తిరిగి వెళ్ళేసరికి కార్యక్రమం మొదలవబోతోంది. గుమ్మంలో నన్ను చూసి మా అమ్మాయి ముఖం ఒక్క క్షణం మారింది. వెంటనే నవ్వింది.

"వచ్చిండ్రా సార్? సరే, వెనుక కూసోండ్రి. ఆ గోడకాడ."

గోడ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. పిల్లలు నా వైపు వీపు పెట్టి వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు ఆకుపచ్చ టీషర్టులు. హాలు నాలుగు మూలల్లో నాలుగు రంగుల కాగితాలు అంటించారు. ఆట తేలిక. పొడుగు కుర్రవాడు ఒక లెక్క అడుగుతాడు, నాలుగు జవాబులు చెబుతాడు, ఒక్కో జవాబుకు ఒక్కో మూల. మా అమ్మాయి తెలుగులో చెప్పగానే పిల్లలు తమకు తోచిన మూలకు పరిగెత్తాలి. పిల్లలకు ఎంత వచ్చో తెలుసుకోవడానికి ఈ ఆట ఇప్పుడు ఆడి, చివరి రోజు మళ్ళీ ఆడతారట. మంచి ఆట. నాకెందుకు తట్టలేదా అనుకున్నాను.

"ఏడెనిమిదులు ఎంత?" అంది మా అమ్మాయి. "యాభై నాలుగు పసుపు. యాభై ఆరు నీలం. అరవై మూడు ఎరుపు. నలభై ఎనిమిది తెలుపు."

పిల్లలు పరిగెత్తారు. కొందరు పసుపు, కొందరు ఎరుపు, కొందరు తెలుపు. నీలం మూలకు ఎవరూ పోలేదు.

నా ముఖం వేడెక్కింది. కొత్తవాళ్ళను చూసి బెదిరారని సర్దిచెప్పుకున్నాను. తర్వాత ఆరు తొమ్మిదులు. మళ్ళీ సరైన మూల ఖాళీ. పన్నెండు నాలుగులు. ఖాళీ. పొడుగు కుర్రవాడు జాలిగా తల వంచి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆ విద్యార్థుల్లో ఒక అమ్మాయి, ముఖం నిండా మచ్చలున్న పిల్ల, పక్కనున్న మా చిన్నదాని భుజం నిమిరింది. మూడో ఏట నుంచి నా క్లాసులో కూర్చున్న పిల్ల అది. నిద్రలో లేపి అడిగినా పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది అంటుంది.

ఇన్నేళ్ళూ నేను చేసింది ఇదా అనిపించింది. కుర్చీలోంచి లేచి వెళ్ళిపోదామనుకున్నాను.

లేచేలోగా ఇంకో ప్రశ్న పడింది. ఎనిమిది తొమ్మిదులు. పిల్లలంతా చేతులు వీపు వెనక పెట్టుకుని ఉన్నారు. నేను కూర్చున్నది వెనక. ముందున్నవాళ్ళెవరికీ కనిపించనిది నాకు కనిపించింది. ఆ చేతుల మీద బొటనవేళ్ళు కదులుతున్నాయి. చిటికెన వేలు దాటి, ఉంగరపు వేలు దాటి, నడిమి వేలి మధ్య కణుపు మీదికి పోయి ఆగాయి. ఎనిమిదో కణుపు. డెబ్బై రెండు. ఇరవై నాలుగు చేతులూ లెక్క సరిగ్గా చేశాయి. చేసి, డెబ్బై రెండు లేని మూలలకు పరిగెత్తాయి.

అప్పుడు ఆ ఖాళీ మూలను మళ్ళీ చూశాను. లెక్క రాని పిల్లలు నాలుగు మూలలకూ చెదిరిపోతారు. ఎవరో ఒకరు గుడ్డిగా సరైన చోట పడతారు. పిల్లలు ఒకరి వెంట ఒకరు పరిగెడతారు కాబట్టి అంత కచ్చితంగా చెప్పలేం, నిజమే. కానీ అలా గుంపుగా పోయినా, నాలుగైదు ప్రశ్నలకు ఒకసారైనా గుంపు సరైన మూలలో పడాలి. ఆట అయిపోయేదాకా ఒక్క పిల్ల పాదం కూడా ఒక్కసారి కూడా సరైన మూలను తాకలేదు. ఆ మూల ఎక్కడుందో అందరికీ తెలిస్తే తప్ప దాన్ని అంత శుభ్రంగా తప్పించుకోలేరు.

అన్నీ తెలిస్తేనే గద అన్నీ తప్పు పెట్టొచ్చు.

బిస్కెట్లు పంచుతున్నప్పుడు రెండు జడల పిల్ల నా కుర్చీ దగ్గరికి వచ్చింది. పూలమ్మేవాళ్ళ పిల్ల, క్లాసులో అందరికన్నా వేగం. నేను 'ఏంటి' అన్నప్పుడల్లా 'ఏంటి ఏంటి' అని నన్ను వెక్కిరించేది అదే. చుట్టూ చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"సార్, మంచిగ చేసినమా?"

"ఏంటమ్మా మంచిగా చేసింది?"

"గదే సార్. మీరు చెప్పినట్టే. ఒక్కటి సుత కరెక్ట్ పడనియ్యలే."

"నేనేం చెప్పాను?"

అది నేను ఆటపట్టిస్తున్నాననుకుని నవ్వింది. "అబ్బ, సార్! ఇప్పుడు రానట్టు చెయ్యాలె, లాస్ట్ రోజు అన్నీ చెప్పాలె అని సార్ అన్నడని అక్క చెప్పింది గద. చేతులు ఎనుకకు పెట్టుకొమ్మన్నది సుత మీరే గద. ఒకడు నీలం దిక్కు పోబోతుంటే నేనే గుంజిన సార్."

దాని ముఖంలో ఎంత సంతోషం! నేను మెచ్చుకుంటానని చూస్తోంది. నోట్లో బిస్కెట్ ముక్క అలాగే ఉంది, నమలడం మరిచిపోయింది. నేను దాని తల మీద చెయ్యి వేశాను. అంతమంది కొత్తవాళ్ళ మధ్య ఏమన్నా ముందు అబద్ధమాడినవాళ్ళయ్యేది పిల్లలే.

సాయంత్రం పంజాగుట్టలో ఆమె ఆఫీసుకు వెళ్ళాను. ఫ్లైఓవరు మీది హారన్లు గదిలోకి వినిపిస్తున్నాయి. ఆమె నన్ను చూడగానే లేచి, కిటికీ మూసి, కుర్చీ వేసింది. నేను ఎందుకొచ్చానో అడగలేదు.

"మీరు చూసిండ్రని నాకు తెల్సు సార్."

"ఎందుకమ్మా?"

"వచ్చినప్పుడు పిల్లలు ఎట్లున్నరు, పోయేటప్పుడు ఎట్లున్నరు, వాళ్ళ కాలేజీ అడిగేది గదొక్కటే. అన్నీ వచ్చిన పిల్లల కాడికి ఎవరొస్తరు సార్? ఇంకో ఊరికి పోతరు. హాలు పోతది. మీరే గద నా కాడికి వచ్చి హాలు హాలు అన్నది?"

"తప్పు చెప్పించమన్నానా?"

"లేదు సార్."

"మరి నేనన్నానని ఎందుకు చెప్పావు?"

ఆమె టేబుల్ మీది పెన్నులు సర్దింది.

"నేను చెప్తే వినలే సార్. రెండు సార్లు ప్రాక్టీస్ చేయించిన. తప్పు చెప్పుండ్రి అంటే నోట్లకెల్లి కరెక్టే వస్తుండె. కొన్ని కరెక్ట్, కొన్ని తప్పు చెప్పుండ్రి అంటే, కరెక్ట్ నేను చెప్త నేను చెప్త అని కొట్లాడుకున్నరు. తప్పు ఎవ్వరికి వద్దు. అందుకే అన్నీ తప్పే అన్న. అప్పుడు సుత వినలే. సార్ చెప్పమన్నడు అన్న, ఒక్క మాటకు విన్నరు."

చెబుతూ చెబుతూ కొంచెం నవ్వింది కూడా. నన్ను పొగుడుతున్నాననుకుందేమో.

"సున్నా వస్తే తెలిసిపోతుందని నీకు తెలుసు కదా."

"ఆ లెక్క మీకు, నాకు తెల్సు సార్. వాళ్ళకు తెల్వదు. అందుకే మిమ్మల్ని రావద్దన్న."

జిరాక్సు షాపులో స్టూలు మీద కూర్చున్న పిల్ల చెప్పిన జవాబును ఇన్నేళ్ళు ఊరంతా చెప్పుకుని తిరిగాను. ఆ జవాబును ఆమె దాచిపెట్టుకుని దేనికి వాడిందో ఆ గదిలో అర్థమైంది. 'హెల్పర్' అని ఎందుకు పరిచయం చేసిందో కూడా. టీచరున్న పిల్లలకు లెక్కలు రాకపోతే ప్రశ్నలొస్తాయి. కాబట్టి టీచరును తీసేసింది. లెక్క సరిపోయింది.

నేను అడిగింది ఒక్కటే. వాళ్ళు విమానం ఎక్కగానే పిల్లలందరినీ కూర్చోబెట్టి, సార్ అలా అనలేదు, నేనే అన్నాను అని చెప్పమన్నాను.

"తప్పకుండ చెప్త సార్," అంది. "మీ మీద ఒట్టు."

ఆ పది రోజులూ నేను వెళ్ళి వెనక కూర్చున్నాను. ఆ విద్యార్థులు కష్టపడ్డారు. అది కాదనలేను. రంగుకాగితాలు కత్తిరించారు, పాటలు కట్టారు, ఎండా వానా అనకుండా హాలు గోడలకు రంగు వేశారు. మచ్చల అమ్మాయి పంజాగుట్ట చౌరస్తా దాటలేక ఏడ్చిందని ఒకరోజు అందరూ నవ్వుకున్నారు. మర్నాడు ఆమె చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది మా రెండు జడల పిల్లే. ఆ అమ్మాయి దానికి రెండో ఎక్కం నేర్పుతుంటే, ఇది కళ్ళు పెద్దవి చేసుకుని, మొదటిసారి వింటున్నట్టు వినేది. మధ్యమధ్య నా వైపు చూసేది. బాగా చేస్తున్నానా అని ఆ చూపు. నేను కళ్ళు దించుకునేవాణ్ణి. దించుకుంటే అది సరే అన్నట్టు అనుకునేది.

చివరి రోజు కార్యక్రమం పంజాగుట్టలో ఒక మీటింగు హాల్లో. ఏసీ, వేదిక, పూలదండలు. నాకు మూడో వరసలో కుర్చీ. పిల్లలకు కూడా ఆకుపచ్చ టీషర్టులు తొడిగారు, మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. నాలుగు మూలల్లో నాలుగు రంగులు. ఏడెనిమిదులు అనగానే ఇరవై నలుగురూ ఒకే మూలకు పరిగెత్తారు. మిగిలిన మూడూ ఖాళీ. చప్పట్లు. పొడుగు కుర్రవాడు గాల్లోకి ఎగిరాడు. మచ్చల అమ్మాయి నిజంగానే ఏడ్చింది.

మా అమ్మాయి మైకులో ఇంగ్లీషులో మాట్లాడింది. అంతా అర్థం కాలేదు. 'టేబుల్స్ వన్ టు టెన్' అన్నది, 'నో టీచర్' అన్నది అర్థమయ్యాయి. ఆమె ఆ మాట అంటున్నప్పుడు ఇరవై నలుగురు పిల్లలు వేదిక మీంచి నన్నే చూస్తున్నారు. వాళ్ళకు ఇంగ్లీషు రాదు. నాకు సన్మానం చేస్తున్నారనుకుని కొందరు నా వైపు చేతులూపారు.

బయటికొచ్చాక మచ్చల అమ్మాయి నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించి, నేర్చుకున్న తెలుగులో "ధన్యవాదాలు, తాళం అంకుల్" అంది. హాలు తాళం నా దగ్గరుంటుందని ఎవరో చెప్పి ఉంటారు. నేనూ దండం పెట్టాను.

హాలు నిలిచింది. ఏడాది కిరాయి ఒప్పందం అయిందని మా అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. గొంతులో గెలుపు. "ఇగ మీరు ఏం టెన్షన్ తీసుకోకుండ్రి సార్, ఆదివారం కెల్లి మళ్ళ క్లాసు మీదే." నేను పిల్లలకు చెప్పావా అని అడిగాను. "చెప్పిన సార్, చెప్పిన," అంది.

ఆదివారం వాన లేదు. హాలు గోడలు కొత్తరంగు వాసన వేస్తున్నాయి. విద్యార్థులు వదిలి వెళ్ళిన తెల్లబోర్డు ఒకటి గోడకు బిగించి ఉంది. మా అమ్మాయి బట్టముక్కతో దాన్ని తుడుస్తోంది. పిల్లలు ఎప్పటిలాగే చాప మీద కూర్చున్నారు. ఎన్నాళ్ళకు ముందు నిలబడ్డానో! చేతులు రుద్దుకుని, మామూలుగా మొదలుపెట్టే చోటే మొదలుపెట్టాను.

"చెప్పండి. ఏడెనిమిదులు?"

ఎవరూ పలకలేదు. అంతకు ముందు ఆ ప్రశ్న పూర్తయ్యేలోగా జవాబు కప్పు ఎగిరిపోయేలా వచ్చేది. రెండు జడల పిల్ల చుట్టూ చూసింది. మిగతావాళ్ళు దాని వైపు చూశారు. అది చెయ్యెత్తింది.

"సార్, ఇప్పుడు కరెక్ట్‌ది చెప్పాల్నా?"

తెల్లబోర్డు మీద బట్ట ఆగింది. ఆమె వెనక్కి తిరగలేదు.

"అక్క మీకేం చెప్పలేదా?" అన్నాను.

"చెప్పింది సార్. సార్ మస్తు ఖుష్ అయిండు, వచ్చే ఏడు సుత గిట్లనే చెయ్యాలె అన్నడని చెప్పింది."

నాకు రెండే దారులు కనిపించాయి. నేను ఊరుకుంటే వీళ్ళకు తప్పు చెప్పమన్నది నేనే అవుతాను. నేను నోరు విప్పితే వీళ్ళ అక్క అబద్ధమాడిందవుతుంది. వాళ్ళల్లో ఆడపిల్లలందరికీ పెద్దయ్యాక అక్కలా కావాలని ఉంటుంది. ఆ సంగతి ఊరికే కల్పించి చెప్పడం లేదు. అలా కావాలని వాళ్ళకు ఏళ్ళ తరబడి చెప్పింది నేనే. ఎటు తీసేసినా మిగిలేది తక్కువే.

"నేను అనలేదమ్మా," అన్నాను. "తప్పు చెప్పమని నేను ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు. వచ్చే ఏడు చెయ్యమనీ అనలేదు."

ఇరవై నాలుగు తలలు బోర్డు వైపు తిరిగాయి. ఆమె తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. తర్వాత బట్ట మడిచి కిటికీలో పెట్టి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళింది. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "మీ కోసమే చేసిన సార్," అంది. ఆ మాట ఆమె నమ్మే అంటోంది. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆమె అడుగుల చప్పుడు సందులో కలిసిపోయాక నేను మళ్ళీ అడిగాను.

"ఏడెనిమిదులు?"

చేతులు ఒళ్ళోకి వచ్చాయి. బొటనవేళ్ళు చిటికెన వేలి అడుగు నుంచి ఎక్కడం మొదలుపెట్టాయి. నడిమి వేలి అడుగు కణుపు దగ్గర ఆగాయి. అన్నీ అక్కడే ఆగాయి, నేను చూశాను. అయినా ఎవరూ నోరు తెరవలేదు. చివరికి రెండు జడల పిల్లే అంది.

"యాభై ఆరేనా సార్?"

ఆ అంకెను నా క్లాసులో అంతకు ముందు ఎవరూ నన్ను అడుగుతున్నట్టు చెప్పలేదు.

"అవును," అన్నాను. "యాభై ఆరే."

అది తలూపింది. కానీ బొటనవేలు ఆ కణుపు మీంచి తియ్యలేదు. నేను నిజంగానే అంటున్నానా అని, నా ముఖంలోకి ఇంకా చూస్తూనే ఉంది.